పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ: 12 గంటలు ఆడాక డౌటొచ్చింది, ఆపేయనా?

బందరు_లడ్డు · శనివారం, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. బల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ గేమ్ రెండుసార్లు పూర్తి చేశాక అలాంటిదే ఇంకోటి కావాలని వెతికితే, ఎక్కడ చూసినా పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ పేరే కనిపించింది. మొన్న సేల్‌లో కొన్నాను. పన్నెండు గంటలైంది. ఇంకా గిల్డెడ్ వేల్ ఊరు దాటలేదు.

ముందు చదువుడు సంగతి. ఊళ్ళో కొందరి పేర్లు బంగారు రంగులో ఉంటాయి కదా, వాళ్ళ మీద క్లిక్ చేస్తే వాళ్ళ ఆత్మలో ఏముందో ఒక పేజీ కథ వస్తుంది. నేను ఒక్కరినీ వదల్లేదు. ఎవరిది ఏ ఊరు, ఎవరు ఎవర్ని చంపారు, అన్నీ నోట్‌బుక్‌లో రాసుకున్నాను, తర్వాత ఎక్కడో పనికొస్తాయని. నాలుగు పేజీలు నిండాయి. ఒక కథకీ ఇంకో కథకీ పొంతన లేదు.

ఇక ఎయోథాస్ అనే దేవుడి గుడి కింద నేలమాళిగ. నేను సైఫర్, అంటే మనసుల మీద దాడి చేసేవాణ్ణి. నాతో యోధుడు ఎడేర్, మాంత్రికుడు ఆలోత్. డాలు పట్టుకున్న ఎడేర్‌ని ముందు నిలబెట్టాను. ఆ నీడ దెయ్యాలు వాణ్ణి పట్టించుకుంటేగా! మాయమైపోయి వెనకున్న ఆలోత్ పక్కన తేలుతున్నాయి. అతను ఒక్క మంత్రం పూర్తి చేసేలోపే నేలమీద పడున్నాడు. ఏడుసార్లు లోడ్ చేశాను. ఎనిమిదోసారి గెలిస్తే వచ్చిన ఎక్స్‌పీ (అనుభవం పాయింట్లు) చూసి ఏడుపొచ్చింది.

అయినా అన్‌ఇన్‌స్టాల్ చేయబుద్ధి కావట్లేదు. ఊరి మధ్యలో ఆ చెట్టు, దానికి వేలాడే శవాలు, కింద ఏమీ ఎరగనట్టు నడిచి వెళ్ళే జనం. అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ చెట్టు కింద ఊరికే నిలబడ్డాను కాసేపు. ఇందులో ఏదో ఉంది, నాకు అందట్లేదు. ఆడినవాళ్ళు చెప్పండి.

పాతసీడీ · ఆదివారం, ఉదయం 6:20

తమ్ముడూ, ముందు ఆ నోట్‌బుక్ మూసెయ్. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివి పొలమారింది నాకు.

గుడి మెట్ల మీద దాతల పేర్లు చెక్కిస్తారు చూడు, ఆ బంగారు పేర్లు అలాంటివి. మెట్లెక్కుతూ అన్నీ చదువుతామా? 2012 సెప్టెంబర్‌లో ఈ గేమ్ చేసిన అబ్సిడియన్ వాళ్ళు, జనం దగ్గర చందాలు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైటులో దీనికి చందా మొదలుపెట్టారు. అప్పటికి దీని పేరు ప్రాజెక్ట్ ఎటర్నిటీ. అడిగింది 11 లక్షల డాలర్లు. నెల తిరిగేసరికి 73,986 మంది కలిసి 39 లక్షల 80 వేల డాలర్ల పైనే ఇచ్చారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి, అప్పుడు డల్లాస్‌లో ఉండేవాణ్ణి. మామూలు చందా ఇచ్చినవాళ్ళకి గేమ్ వచ్చింది. పెద్ద మొత్తం ఇచ్చినవాళ్ళకి లోపల ఒక మనిషిని పెట్టుకునే హక్కు వచ్చింది. వాళ్ళే నీ నోట్‌బుక్ నిండా ఉన్నవాళ్ళు. అసలు కథతో వాళ్ళకి ఏ సంబంధమూ లేదు.

రెండో మాట. ఆ గుడికి ముగ్గురితో ఎవరు వెళ్ళమన్నారు? పార్టీలో ఆరుగురికి చోటుంది. పక్క మ్యాపు మాగ్రాన్స్ ఫోర్క్‌లో డ్యూరెన్స్ అనే పూజారి ఉంటాడు. ఇంకొంచెం ముందుకెళ్తే కేడ్ నువా కోట బయట కానా రువా అనే పాటగాడు. ఇద్దర్నీ తెచ్చుకుని మళ్ళీ వెళ్ళు. అంతదాకా ఆగలేకపోతే ఊళ్ళో సత్రంలో డబ్బిచ్చి ఒకరిద్దర్ని పెట్టుకోవచ్చు. ఈ గేమ్ చాలాసార్లు నీ స్థాయికి మించిన చోటికీ వెళ్ళనిస్తుంది. వెళ్తే చస్తావు, అంతే. పాతకాలం గేములన్నీ ఇంతే.

పుల్లవిరుపు · ఆదివారం, ఉదయం 9:05

పాతసీడీ గారు చందా ఇచ్చారు కాబట్టి ముద్దుగా చెప్తున్నారు. నేను డబ్బులిచ్చి కొన్నాను, నేను చెప్తా.

ఆ గుడి మెట్ల పోలిక బావుంది గానీ, మెట్ల మీద పేర్లు ఎవరివో చూడగానే తెలుస్తుంది. ఇక్కడ తెలియదు. "నువ్వు ఆత్మలు చూడగలవు" అనేదే హీరోకి కథ ఇచ్చిన శక్తి. ఆ శక్తి చేతికి రాగానే కొత్త ఆటగాడు దాన్ని ఎవరి మీద వాడతాడు? ఎదురుగా మెరుస్తున్న పేర్ల మీదే. గేమ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ఊహని, కథతో సంబంధం లేని రాతలతో మొదటి ఊళ్ళోనే పలచన చేసేశారు. లడ్డు తప్పేమీ లేదు ఇందులో.

అసలు ఈ గేమ్ లోపాల్లో సగం చందాల దగ్గర పుట్టినవే. ఇంత వసూలైతే ఆటగాడికి సొంత కోట పెడతాం, ఇంకొంత వస్తే రెండో మహానగరం, జనం పెరిగేకొద్దీ నేలమాళిగకి అంతస్తులు పెంచుతాం అని ముందే మాటిచ్చారు. గేమ్ ఎలా ఉండబోతుందో తెలియకముందు ఇచ్చిన మాటలవి. నేలమాళిగ 15 అంతస్తులైంది. అది బాగానే కుదిరింది, ఒప్పుకుంటా. కోట మాత్రం శుద్ధ దండగ. గోడలు కట్టించు, తోట వేయించు, పన్ను వసూలు చెయ్, ఎవడో దాడికొచ్చాడని కబురొస్తే పరిగెత్తు. కథ మీద దాని ప్రభావం ఏదీ? రెండో నగరం ట్విన్ ఎల్మ్స్‌కి చేరేసరికి రాసినవాళ్ళకీ ఓపిక అయిపోయినట్టుంటుంది, ఆడేవాడికీ అయిపోతుంది.

మెకానిక్ · ఆదివారం, మధ్యాహ్నం 1:15

కథల గొడవ మీరు చూసుకోండి. లడ్డూ, నువ్వెందుకు ఓడిపోతున్నావో నేను చెప్తా. ఈ లెక్క ఈ గేమ్ ఎక్కడా సరిగ్గా నేర్పదు. నా దృష్టిలో అతి పెద్ద లోపం ఇదే.

నువ్వు దెబ్బ వేసిన ప్రతిసారీ 1 నుంచి 100 లోపు ఒక అంకె పడుతుంది. దానికి నీ యాక్యురసీ, అంటే గురి, కలిపి, అవతలివాడి డిఫెన్స్, అంటే కాచుకునే బలం, తీసేస్తారు. వచ్చింది 15 లోపు ఉంటే దెబ్బ తప్పిపోయినట్టు. 16 నుంచి 50 అయితే గ్రేజ్, అంటే రాసుకుంటూ పోయింది, సగమే తగులుతుంది. 51 నుంచి 100 అయితే పూర్తి దెబ్బ. 100 దాటితే క్రిట్, అంటే మామూలుకన్నా గట్టి దెబ్బ.

ఇప్పుడు నీ యాక్యురసీ 30, కత్తి దెబ్బల్ని కాచుకునే వాడి డిఫెన్స్, డిఫ్లెక్షన్, 50 అనుకో. 20 తక్కువతో మొదలవుతున్నావు. పూర్తి దెబ్బ పడాలంటే 71 లేదా అంతకు పైన రావాలి. అంటే వందలో 30 సార్లు. 35 సార్లు గాల్లోకి, 35 సార్లు గ్రేజ్. క్రిట్ అసలు రాదు. అదే నీ పూజారి దీవెనతో నీ అంకె పది పెరిగి, శత్రువు కళ్ళు కమ్మించి వాడి డిఫెన్స్ పది తగ్గిస్తే, ఇద్దరూ సమానం. అప్పుడు వందలో 50 పూర్తి దెబ్బలు. కత్తి మార్చలేదు, లెవెల్ పెరగలేదు, మంత్రాల వరస మారిందంతే. ముందు శత్రువు డిఫెన్స్ దించు, తర్వాత కొట్టు. మొత్తం గేమ్ ఇదే.

డిఫెన్స్‌లు కూడా నాలుగు. డిఫ్లెక్షన్, ఫార్టిట్యూడ్ (ఒంటి గట్టిదనం), రిఫ్లెక్స్ (తప్పుకునే చురుకు), విల్ (మనోబలం). కవచంతో బిగిసిన వాడి మీద కత్తి పనిచేయకపోతే వాడి మనసు మీద కొట్టు, నువ్వు సైఫర్‌వి కదా.

ఆ దెయ్యాల విషయానికొస్తే, ఆలోత్‌కి బట్టల బదులు కవచం తొడుగు. ఇక్కడ మాంత్రికుడైనా ఏ కవచమైనా వేసుకోవచ్చు, ఒక మంత్రం వేశాక ఇంకోటి వేయడానికి మాత్రం ఎక్కువసేపు పడుతుంది. ముగ్గురూ ఒకరికొకరు దూరం కాకండి. అవి వెనక్కి దూకితే దూకనీ, ఎడేర్ రెండడుగుల్లో అందుకుంటాడు.

వరంగల్_వాలా · ఆదివారం, మధ్యాహ్నం 3:40

మెకానిక్ అన్నా, లెక్క మంచిగ చెప్పినవ్. కానీ ఆ లెక్క వేసుకునేందుకు టైమ్ ఏది? ఆరుగురు మనోళ్ళు, ఎనిమిది మంది వాళ్ళు, అందరూ ఒకేసారి కొట్టుకుంటుంటే స్పేస్ బార్ నొక్కి ఆపాలె, మళ్ళ వదలాలె, మళ్ళ ఆపాలె. మంత్రాల మెరుపుల్లో ఎవడు ఎక్కడున్నడో కనబడడు. నాకైతే బతుకమ్మ చుట్టూ తిరిగే జనంలో తప్పిపోయిన పిల్లగాణ్ణి వెతికినట్టుండె.

రియల్ టైమ్ విత్ పాజ్ అనేది అప్పట్ల టెక్నాలజీకి రాజీ, ఇప్పుడు దాన్ని సంప్రదాయం అని పట్టుకు వేలాడుడు ఎందుకు? రెండో భాగం డెడ్‌ఫైర్‌కి వాళ్ళే 2019ల టర్న్ బేస్డ్, అంటే ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకొని కొట్టుడు, పెట్టిన్రు. మొదటి భాగానికి కూడా పెడ్తున్నమని పదేళ్ళ పండుగకి, 2025ల, చెప్పిన్రు. అంటే నా మాటే నిజమన్నట్టు కదా!

పాతసీడీ · ఆదివారం, సాయంత్రం 5:02

కాదు తమ్ముడూ. పాజ్ చేసి ఆడటం రాజీ కాదు. టర్న్ బేస్డ్‌లో చిన్న తోడేళ్ళ గుంపుకీ పావుగంట పడుతుంది. ఇక్కడ అలాంటివి ముప్పై సెకన్లలో అయిపోతాయి, పెద్ద పోరాటం వచ్చినప్పుడే వేలు స్పేస్ బార్ మీద ఉంచాలి. స్లో మోడ్ కూడా ఉంది, ఎవరూ వాడరు. ఆప్షన్స్‌లో ఆటో పాజ్ ఉంటుంది, శత్రువు కనబడగానే ఆగు, మనవాడు పడిపోగానే ఆగు అని పెట్టుకోవచ్చు.

గందరగోళం నిజమే, ఒప్పుకుంటా. 2015 మార్చిలో విడుదలైనప్పుడు మనవాళ్ళకి సొంత తెలివి కూడా ఉండేది కాదు. చెప్పకపోతే చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆ ఆగస్టులో వచ్చిన 2.0 ప్యాచ్‌తో గానీ బాగుపడలేదు. అంతదాకా మేము అలాగే ఆడేశాం.

మెకానిక్ · ఆదివారం, సాయంత్రం 5:30

ఒకటి మర్చిపోయా. మంత్రం వేసేటప్పుడు నేలమీద వచ్చే గీతల్ని చూస్తున్నావా లడ్డూ? లోపలి గీతలో పడినవాళ్ళకి, మనవాళ్ళైనా సరే, తగులుతుంది. నీ పాత్రకి ఇంటెలెక్ట్ అనే గుణం ఎక్కువుంటే బయట ఇంకో గీత వస్తుంది. ఆ అంచులో శత్రువుకి మాత్రమే తగులుతుంది. మన మనిషిని కాల్చకుండా పక్కవాణ్ణి కాల్చడం అక్కడ నేర్చుకోవాలి. ఇంత అందమైన ఏర్పాటు చేసి, దాని గురించి ఒక్క ముక్క గట్టిగా చెప్పరు!

బందరు_లడ్డు · ఆదివారం, సాయంత్రం 6:11

అయ్యో. అయితే ఎడేర్‌ని ఇన్నిసార్లు కాల్చింది దెయ్యాలు కాదన్నమాట.

నిద్రలేని_నీలిమ · ఆదివారం, రాత్రి 10:48

అందరూ లెక్కలూ చందాలూ అంటున్నారు, ఆ చెట్టు దగ్గర అతనికి ఏమైందో ఎవరూ మాట్లాడట్లేదు. నేను మాట్లాడతాను.

లడ్డు గారూ, ఊళ్ళో ఆఫ్రా అనే గర్భిణిని కలిశారా? కలవకపోతే ఇది చదవకండి.

ఈ ప్రాంతంలో కొన్నేళ్ళుగా పిల్లలు ఆత్మ లేకుండా పుడుతున్నారు. ఊపిరి ఉంటుంది, చూపు ఉండదు, ఏడుపు ఉండదు. హాలోబార్న్ అంటారు. ఊరి ప్రభువు రేడ్రిక్ ఆ కోపాన్ని ఎవరి మీదో తీర్చుకోవాలి కాబట్టి జనాన్ని చెట్టుకి వేలాడదీస్తున్నాడు. ఆఫ్రాకి నెలలు నిండుతున్నాయి. రాంగా అనే మంత్రసాని దగ్గర మందు ఉందట, తెచ్చిపెట్టమని మనల్ని అడుగుతుంది. వెళ్ళి మందు సంపాదిస్తాం. అప్పుడు తెలుస్తుంది, అది ఆత్మ తెచ్చే మందు కాదు. తల్లి మనసు కుదుటపరిచేది, అంతే.

ఇక్కడ కొట్టడానికి రాక్షసుడు లేడు. నైపుణ్యానికి పరీక్ష లేదు, పాచిక లేదు. తిరిగొచ్చి ఆ అమ్మాయికి నిజం చెప్పాలా, మందు చేతిలో పెట్టి ధైర్యం చెప్పాలా? నేను సీసా పట్టుకుని ఆ గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో. అప్పటికి మా చెల్లి ఏడో నెల. అబద్ధమే చెప్పాను.

ఇంకోటి. మొదట్లో మనతో నడిచి చనిపోయే కాలిస్కా గుర్తుందా? ఆమె ఈ ఊరికి బయల్దేరింది గర్భంతో ఉన్న చెల్లెల్ని చూడ్డానికి. ఆ చెల్లెలే ఆఫ్రా. గేమ్ డప్పు కొట్టి చెప్పదు. మీరు మాటల మధ్య పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేకపోతే లేదు.

పుల్లవిరుపు గారు చెప్పిన కోటా, రెండో నగరమూ నిజంగానే పేలవం. నాకు అవేవీ గుర్తులేవు కూడా. ఆ సీసా గుర్తుంది.

పుల్లవిరుపు · ఆదివారం, రాత్రి 11:20

నీలిమ గారూ, ఆఫ్రా కథ గురించి నేనేమీ అనను. బాగా రాశారు. నా బాధ వేరు. అంత బాగా రాయగలిగినవాళ్ళు తక్కిన చోట్ల ఎందుకంత ఎక్కువ రాశారు? డ్యూరెన్స్‌ని మంచి ప్రశ్న ఒకటి అడుగు, మూడు పేరాల హరికథ చెప్తాడు. గేమ్‌కి ఒక ఎడిటర్ ఉండి ఎర్ర పెన్నుతో మూడోవంతు కొట్టేస్తే ఇప్పుడు మీరు చెప్పిన ఆ సీసాలు ఇంకా మెరిసేవి.

ఇంకో దిగులు, ఎవరూ చెప్పలేదు. డైరెక్టర్ జాష్ సాయర్‌కి ఏ ఆటగాడూ తప్పు పాత్ర చేసుకుని ఇరుక్కోకూడదని పట్టుదల. అందుకే మైట్ అనే ఒక్క గుణం కత్తి దెబ్బనీ పెంచుతుంది, మంత్రం దెబ్బనీ పెంచుతుంది. కండలు తిరిగిన మాంత్రికుడు! ఏదీ పనికిరానిది కాదు. బాగుంది. దాని రెండో వైపు ఏమిటంటే, ఏదీ కళ్ళు జిగేల్మనిపించేదీ కాదు. బల్డర్స్ గేట్ 2లో ఒక మంచి కత్తి దొరికితే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఇక్కడ కత్తి దొరికితే యాక్యురసీ నాలుగు పెరిగిందని చూసుకుని సంచిలో పడేస్తాం.

తెలుగుమీడియం · సోమవారం, ఉదయం 7:55

ఇక్కడ చాలాకాలంగా చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి.

పుల్లవిరుపు అన్న చెప్పిన మాటల బరువు మాలాంటి వాళ్ళకి రెట్టింపు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఈ గేమ్ ఫోన్‌లో డిక్షనరీ తెరిచి పెట్టుకుని ఆడాను. మొదట్లోనే ఒక గాలిదుమారం వస్తుంది, దాని పేరు బియావాక్. డిక్షనరీలో వెతికాను, లేదు. స్పెల్లింగ్ మార్చి మార్చి వెతికాను. అరగంట పోయాక తెలిసింది, అది వాళ్ళు కల్పించిన భాషలో మాట అని! ఇంకా నయం, ఆలోత్ లోపలి రెండో మనిషి ఇసెల్మిర్ మాట్లాడే యాస నాకొక్కడికే కాదు, అమెరికాలో ఉన్న మా బావకీ అర్థం కాలేదు. ఆ రోజు కొంచెం ధైర్యం వచ్చింది.

డెడ్‌ఫైర్‌లో ఇలాంటి మాటల మీద మౌస్ పెడితే అర్థం చెప్తుంది. మొదటి భాగంలో అది లేదు, ఎంత అవసరమో నాలాంటి వాణ్ణి అడగాలి.

అయినా ఎందుకు ఆడానంటే, మధ్యమధ్యలో పాత పుస్తకంలో పేజీలా ఒక బొమ్మ, పక్కన నాలుగు వాక్యాలు వస్తాయి కదా. గోడ ఎక్కుతావా, తాడు వేస్తావా, వెనక్కి పోతావా అని. అవి చదువుతుంటే చిన్నప్పుడు చందమామ చదివినట్టే ఉండేది. తొంభై గంటలు పట్టింది పూర్తి చేయడానికి. నా ఇంగ్లీషు బాగుపడింది, ఆఫీసులో కూడా తేడా కనిపించింది. అయితే మీటింగ్‌లో ఒకసారి పాతకాలం మాట ఒకటి వాడితే అందరూ నా వైపు అదోలా చూశారు.

వరంగల్_వాలా · సోమవారం, ఉదయం 10:30

తెలుగుమీడియం తమ్మీ, ఇంకా రాయి. పాతోళ్ళ లొల్లి కన్న నీదే బాగుంది.

సరే గానీ, పడుకునే విషయం ఎవరూ చెప్తలేరు. క్యాంపింగ్ సామాను మామూలు డిఫికల్టీల నాలుగే మోయనిస్తరు, హార్డ్‌ల రెండే. నేలమాళిగ మధ్యల అవి అయిపోతే సత్రం దాకా వెనక్కి నడవాలె. నాది పాత హార్డ్ డిస్క్. ఒక్కో తలుపుకి ఒక లోడింగ్ స్క్రీన్, ఛాయ్ పెట్టుకొని వచ్చినా అయిపోతలే.

పాతసీడీ · సోమవారం, మధ్యాహ్నం 12:15

ఎస్‌ఎస్‌డీ పెట్టుకో నాయనా, ఏళ్ళ తరబడి చెప్తున్నా.

ఆ సామాను హద్దు మాత్రం నాకు నచ్చిన ఏర్పాటు. ఇందులో ఒంటికి రెండు లెక్కలుంటాయి. ఎండ్యూరెన్స్ పోరాటం అయిపోగానే తిరిగొస్తుంది. హెల్త్ రాదు, పడుకుంటేనే వస్తుంది. అందుకని ఎడేర్ ప్రతి పోరాటం తర్వాతా నిటారుగానే నిలబడతాడు, లోపల మాత్రం కొద్దికొద్దిగా అరిగిపోతుంటాడు. ఇంకొక్క గది చూద్దామా, ఇక్కడే పడుకుందామా అని నువ్వు లెక్క వేసుకోవాలి. పాత గేముల్లో ప్రతి గొడవ తర్వాతా పడుకునేవాళ్ళం, ఎనిమిది గంటలు, శవాల పక్కనే.

లడ్డూ, నువ్వు ఎక్స్‌పీ గురించి కూడా అడిగావు. చంపినందుకు ఇక్కడ పెద్దగా ఇవ్వరు. ఒక రకం జంతువు గురించి పుస్తకంలో వివరాలు నిండేదాకా ఇస్తారు, తర్వాత ఆపేస్తారు. పని పూర్తి చేసినందుకే అసలు ఫలం. మాటలతో దాటేసినా, దొంగదారిన వెళ్ళినా అంతే వస్తుంది. రేడ్రిక్ కోట అందుకే పెట్టారు. ముందు తలుపునుంచి నరుక్కుంటూ వెళ్ళొచ్చు, గోడెక్కొచ్చు, మురుగు దారిన దూరొచ్చు. వెళ్ళి చూడు, అక్కడ నచ్చకపోతే అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్.

బందరు_లడ్డు · శుక్రవారం, రాత్రి 1:37

నాలుగు రోజులు మాయమైనందుకు సారీ. రేడ్రిక్ కోటలో ఉన్నాను.

డ్యూరెన్స్‌నీ కానానీ తెచ్చుకున్నాను. గుడి రెండోసారికే అయిపోయింది, ఆలోత్ బతికే ఉన్నాడు, కవచంలో కాస్త ఎబ్బెట్టుగా ఉన్నాడు గానీ. మెకానిక్ అన్నా, ముందు దించి తర్వాత కొట్టడం అనేది గోడ మీద రాసి పెట్టుకున్నాను.

కోటలోకి మురుగు దారిన దూరాను. రేడ్రిక్ చాలాసేపు మాట్లాడాడు. నిజం చెప్పాలంటే నాలుగు వాక్యాలపాటు వాడి వైపే మొగ్గాను. తర్వాత ఆ చెట్టు గుర్తొచ్చింది. మొత్తానికి చంపేశాను. ఊళ్ళోకి తిరిగొస్తే హాయిగా అనిపించింది. ఆ చాప్టర్ క్లోజ్ అయినట్టే కదా? ఇప్పుడు తర్వాతి నగరం డిఫయన్స్ బేకి బయల్దేరుతున్నా.

నీలిమ గారూ, ఆఫ్రాకి నేను నిజం చెప్పేశాను. ఇంకా సరిగ్గా అనిపించట్లేదు.

నిద్రలేని_నీలిమ · శుక్రవారం, రాత్రి 1:50

నాకు అబద్ధం చెప్పాక కూడా అలాగే అనిపించింది.

పుల్లవిరుపు · శుక్రవారం, ఉదయం 8:12

చాప్టర్ క్లోజ్ అయిందా! ఆత్మలు చావని లోకంలో ఉన్నావు బాబూ. కొన్నాళ్ళు పోయాక ఆ కోట వైపు ఒకసారి వెళ్ళి...

పాతసీడీ · శుక్రవారం, ఉదయం 8:14

పుల్లవిరుపు, నోరు ముయ్. లడ్డూ, ఇతను చెప్పింది చదవకు. డిఫయన్స్ బేకి పద.